సెలవు మీద వచ్చిన పిల్లలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల రెండవనాడు, పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో ప్రధానోపాధ్యాయిని చదివిన ప్రసంగ పాఠం)



బరంపురంలో మన పాఠశాల నడచిన డెబ్బది అయిదు సంవత్సరాల చరిత్రను నిన్నటి సభలో కార్యదర్శిగారు సవివరంగా వినిపించారు. దాతల పేర్లు, కట్టిన గదులు, వచ్చిన ఉత్తీర్ణతలు అన్నీ వారు చెప్పినందున నాకు పని తగ్గినది. నాకు కేటాయించిన సమయంలో ఒక్క కుటుంబం సంగతి, అందునా నలభై రెండు రోజుల సంగతి మనవి చేస్తాను. అందులో నా తప్పు ఒకటి ఉన్నది. దానిని దాచి ఈ కథ చెప్పడం సాధ్యం కాదు. ఆ కుటుంబంవారి అనుమతి తీసుకున్నాను. పేర్లు మాత్రం చెప్పను.

అది 2018వ సంవత్సరం, మార్చి నెల మూడవ వారం. వార్షిక పరీక్షల సమాధాన పత్రాలు నా బల్లమీద గుట్టలుగా ఉన్నాయి. "టీచరుగారూ, లోపలికి రావచ్చునా?" అన్న మాట వినిపించి తలయెత్తాను. ముప్పయి రెండు, ముప్పయి మూడేళ్ళ యువకుడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, నిటారుగా నిలబడిన తీరు చూసి సైన్యంలో పనిచేసేవాడని గ్రహించాను గాని, ఎవరో పోల్చుకోలేకపోయాను. పేరు చెప్పగానే అతని అక్షరాలు గుర్తుకు వచ్చాయి. ఉపాధ్యాయులకు ముఖాల కంటె చేతివ్రాతలే ఎక్కువ కాలం జ్ఞాపకముంటాయి. పదవ తరగతి వరకు ఇక్కడే చదివాడు. తరువాత ప్లస్ టూ ముగించి సైన్యంలో గుమాస్తాగా చేరి, అప్పటికి హవల్దారు అయినాడు. వెంట భార్య, ఎనిమిదేళ్ళ కూతురు, అయిదేళ్ళ కొడుకు.

మన పిల్లలు సైన్యంలో చేరడం వింత కాదు. పది మైళ్ళ దూరాన గోపాలపురంలో సైన్యంవారి వాయురక్షణ కళాశాల ఉన్నది. ఆ బళ్ళు, ఆ దుస్తులు చూస్తూ పెరిగిన పిల్లలు ప్రతి తరంలోను కొందరు అటు వెళ్ళారు. ఇతని విషయంలో విశేషమేమంటే, జలంధరులో ఉండగా విదేశీ నియామకం వచ్చింది. రంగూనులోని భారత రాయబార కార్యాలయంలో రక్షణ విభాగపు పని. మూడేళ్ళు. బర్మా రాజధాని 2005లో వేరే చోటికి మారినా, మన రాయబార కార్యాలయం నేడు యాంగోన్ అని పిలిచే ఆ పాత రంగూనులోనే ఉన్నది. కుటుంబాన్ని వెంట తీసుకుపోవచ్చును. బయలుదేరే ముందు, సైనికునికి ఏడాదికి దక్కే అరవై రోజుల సెలవులో నలభై రెండు రోజులు తల్లి దగ్గర గడపడానికి వచ్చాడు.

సైనికుని సెలవు ఎలా గడుస్తుందో మీలో చాలామందికి తెలుసు. మొదటి రెండు రోజులు నిద్ర. తరువాత బ్యాంకు, రేషను కార్డు, ఇంటి పన్ను, అన్నదమ్ముల మధ్య తేలని స్థలం తగవు, ఎవరిదో పెండ్లి, ఎవరినో ఆసుపత్రిలో చూసి రావడం. దీనికి తోడు విదేశానికి పోయేవారికి తెల్ల అట్ట పాస్‌పోర్టులు, వైద్య పరీక్షలు, సామాను తూకాలు. ఈ సందడిలో చిన్నపిల్లలను ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటా చేతిలో ఒక మిఠాయి, ఒక కొత్త చొక్కా పెట్టి, బుగ్గ గిల్లి, "ఎంత ఎదిగినావే" అంటారు. ఆ మాటకు బదులు చెప్పే భాష ఆ పిల్లలకు ఉండదు. వారు నవ్వి ఊరుకుంటారు. చుట్టాలు వారిని ముద్దు చేసి, వారి తలల మీదుగా పెద్దలతో మాట్లాడుకుంటారు. సెలవు అయిపోతుంది.

ఆ పిల్లల సంగతి సరిగా ఇదే. తండ్రి ఎక్కడికి బదిలీ అయితే అక్కడి కేంద్రీయ విద్యాలయంలో చదివారు. ఆ బళ్ళను నేను తక్కువ చేసి మాట్లాడడం లేదు. 1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలను తీసుకుని ఆ వ్యవస్థ మొదలైందే ఇటువంటి తల్లిదండ్రుల కోసం. బిడ్డ జోధ్‌పూరులో విడిచిన పాఠాన్ని జలంధరులో అందుకోగలగడం చిన్న మేలు కాదు. కాని ఆ పాఠం హిందీలోను, ఆంగ్లంలోను ఉంటుంది. ఇంట తల్లి తెలుగు మాట్లాడుతుంది; పిల్లలు అర్థం చేసుకుని హిందీలో జవాబు చెబుతారు. తల్లి అక్షరాలు నేర్పవచ్చును గదా అని మీకు తోచవచ్చు. ఇచ్ఛాపురంలో చదువుకున్న ఆమెను నేనూ అదే అడిగాను. "రెండుసార్లు మొదలుపెట్టానండీ. పక్క ఇంటి పిల్లలెవరూ చదవనిది మేమెందుకు చదవాలని అడుగుతారు. ఏం చెప్పను?" అన్నది.

ఆ యువకుడు కోరినది చిన్న కోరిక. సెలవు ముగిసేదాకా పిల్లలిద్దరినీ మన బడిలో కూర్చోనివ్వమన్నాడు. పరీక్షలు వద్దు, సర్టిఫికెట్టు వద్దు. నాలుగు అక్షరాలు వస్తే చాలునన్నాడు.

నేను కాదన్నాను.

నా దగ్గర కారణాలు లేకపోలేదు. టి.సి. లేకుండా పిల్లలను ఎలా చేర్చుకోవాలి? హాజరు పట్టీలో పేరులేని బిడ్డ మెట్లమీద జారిపడితే బాధ్యత ఎవరిది? తనిఖీకి వచ్చినవారు తలలు లెక్కపెడితే ఏం చెప్పాలి? ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అయితే, ఈ సభలో నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను, నన్ను ఆ మాట అనిపించినవి ఆ ఇబ్బందులు కావు. లోపల ఒక అక్కసు ఉన్నది. ఒకప్పుడు తరగతికి రెండేసి విభాగాలు నడిపిన ఈ బడిలో ఒక్క విభాగం నిండించడానికి ప్రతి జూన్‌లోను మా ఉపాధ్యాయులు వీధివీధీ తిరిగే స్థితి వచ్చింది. తెలుగు పుస్తకాలు సమయానికి అందవు. ఖాళీ అయిన ఉద్యోగాలు ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉంటాయి. వేరే బళ్ళలో చదివించుకుంటున్నవారు పోయేముందు ముచ్చట తీర్చుకోవడానికి మా గుమ్మం తొక్కినట్లు నాకు తోచింది.

అంత అక్కసు పడే హక్కు నాకున్నదా అంటే, లేదు. నా కుమారుణ్ణి నేను ఈ బడిలో చదివించలేదు. ఆంగ్ల మాధ్యమంలో వేశాను. అతడు నేడు పూనాలో మంచి ఉద్యోగం చేసుకుంటున్నాడు, సంతోషమే. కాని నేను వ్రాసిన ఈ ప్రసంగాన్ని అతడు చదవలేడు. తల్లిదండ్రుల సమావేశాలలో మాతృభాషను గురించి ఉపన్యసించిన ప్రతిసారీ ఈ సంగతి నా గొంతులో ముల్లులా ఉండేది. ఇన్నేళ్ళకు బయటకు చెప్పాను.

ఆ యువకుడు వాదించలేదు. "సరే టీచరుగారూ" అని నమస్కరించి వెళ్ళిపోయాడు. మరునాడు ఉదయం బడి గంట కొట్టకముందే అతని తల్లి వచ్చింది.

ఆమెకు అప్పటికి డెబ్బయి ఏళ్ళు. పట్టు నేసిన చేతులు. ఆమె ఈ పాఠశాల తొలి సంవత్సరాలలో అయిదవ తరగతి వరకు చదివిన విద్యార్థిని అని అంతవరకు నాకు తెలియదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నేను మాట్లాడబోతే చెయ్యి అడ్డంపెట్టి, "సెవికి ఏటీ ఇనపడదమ్మా. గట్టిగా అరిసినా ఇనపడదు. నాను సెప్పింది నువ్వు ఇను" అన్నది. చెప్పినది ఇది.

ఆమె తండ్రి రంగం పోయిన మనిషి. రంగూనును మన పెద్దలు రంగమనే పిలిచేవారు. గోపాలపురం రేవునుండి పొగ ఓడలు ఆ రోజుల్లో రంగూనుకు పోయేవి. గంజాం, విశాఖపట్నం, గోదావరి మండలాలనుండి వేలాదిమంది వాటిలో ఎక్కి బియ్యపు మిల్లులలోను, రేవులోను కూలికి పోయారు. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధానినుండి విడిపోయి ఒడిశా రాష్ట్రంలో చేరింది. సరిగా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశంనుండి విడిపోయింది. ఇంటి దగ్గర ఉన్నవారి రాష్ట్రం మారింది. పోయినవారు ఉన్నచోటు పరదేశమైంది. కదలనివారికి, కదిలినవారికి ఇద్దరికీ సరిహద్దులు మారిన కాలం అది.

"మా అయ్యకి అచ్చరం రాదు. మా అమ్మకీ రాదు. ఆడు బతికున్నాడో లేడో నాలుగేళ్ళు మా అమ్మకి తెలీనేదు. ఎవులినైనా అడిగి రాయించుకుందారంటే సిగ్గు" అన్నది ఆ పెద్దామె. 1941 డిసెంబరులో జపానువారు రంగూను మీద బాంబులు వేశారు. 1942లో లక్షలమంది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగి వచ్చారు. దారిలో మరణించినవారికి లెక్కలేదు. ఆయన బతికి వచ్చాడు. తరువాత పుట్టిన ఈ కూతుర్ని, మగ్గం పని ఉన్నా మానిపించి, కొత్తగా పెట్టిన ఈ బడికి పంపించాడు. ఆడపిల్లకు చదువెందుకని పేటలో నవ్వినవారికి ఆయన చెప్పిన జవాబు ఒక్కటేనట: నేను రంగంలో ఉండగా నా ఇంట్లో ఒక్కరికి అక్షరం వచ్చి ఉంటే చాలునని.

"ఇప్పుడు నా కొడుకు రంగమే పోతన్నాడు. ఇమానంలో పోతాడు, బాగానే ఉంటాడు. పోనులో బొమ్మ కూడా అవుపిస్తాదంట. బొమ్మ అవుపిస్తే ఏటమ్మా, మాట ఇనపడదు గదా. మనవరాలు నాలుగు ముక్కలు రాస్తే నాను సదువుకుంటాను. ఆ నాలుగు ముక్కలు నువ్వు నేర్పవా?"

నేను ఒక కాగితం మీద "రేపటినుండి పంపించండి" అని వ్రాసి చూపించాను. ఆమె చదివి, మడిచి, కొంగున ముడివేసుకుని వెళ్ళింది.

కార్యాలయపు చిక్కును ఇలా పరిష్కరించుకున్నాను. ప్రవేశపు పట్టీలో వ్రాయకుండా, వేరే ఒక నోటు పుస్తకం తెరిచి, దానిమీద 'అతిథి విద్యార్థులు' అని వ్రాశాను. పిల్లల రాకపోకల బాధ్యత తమదేనని తండ్రిచేత సంతకం చేయించాను. కార్యవర్గానికి తెలియజేశాను. మధ్యాహ్న భోజనపు లెక్కలో వారిని చేర్చలేదు. ఇంటినుండి క్యారేజీ తెచ్చుకున్నారు. దీనికింత ఆలోచించానా అని తరువాత సిగ్గుపడ్డాను.

ఇక చదువు సంగతి. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఇక్కడ చాలామంది ఉన్నారు గనుక దీన్ని కొంచెం విస్తరించి చెబుతాను. ఆ పిల్లకు దేవనాగరి లిపి బాగా వచ్చును. క, ఖ, గ, ఘ అన్న వరుస రెండు లిపులకూ ఒక్కటే. కాబట్టి అ, ఆ లనుండి మొదలుపెట్టి ఒకటవ తరగతి బిడ్డలా దిద్దించడం కాలం వృథా చేయడమేనని, మూడవ తరగతి ఉపాధ్యాయిని, నేను కలిసి నిర్ణయించుకున్నాము. ఇంట్లో వినిపించే మాటలనే తీసుకున్నాము. గడప, పలక, పడవ, మగ్గం, నానమ్మ. మొదటి వారానికే అక్షరాలన్నీ గుర్తుపట్టింది. మేము మురిసిపోయాము. చదవమంటే తెలిసింది. పలకను 'పలక్' అన్నది, పడవను 'పడవ్' అన్నది. హిందీలో పదం చివరి అకారం పలకదు. మనది అజంత భాష. చివరి అచ్చు మింగితే పదమే నిలవదు. ఎన్ని సూత్రాలు చెప్పినా కుదరలేదు. చివరకు పక్కన కూర్చున్న పిల్లలు ఉపాయం కనిపెట్టారు. ప్రతి పదం చివర చప్పట్లు కొట్టి, ఆ అచ్చును సాగదీసి పాడించారు. రెండు రోజుల్లో దారిలో పడింది. ఇరవై ఆరేళ్ళ అనుభవంలో ఈ ఉపాయం నాకు తోచలేదు.

రెండవ చిక్కు హ్రస్వ దీర్ఘాలది. హిందీలో ఎ, ఒ అన్న హ్రస్వాలకు అక్షరం లేదు. అందుచేత 'ఎక్కడ' వ్రాయమంటే 'ఏక్కడ' అని వ్రాసేది, దిద్దితే 'నేను'ను కూడా 'నెను' చేసేది. ఇది చివరిదాకా పూర్తిగా పోలేదు. ఒత్తుల దగ్గర మరొక తికమక. అక్కడ మొదటి హల్లును సగం చేసి రెండవదాన్ని నిండుగా వ్రాస్తారు. మనం మొదటిదాన్ని నిండుగా వ్రాసి రెండవదాన్ని కాళ్ళ కింద పెడతాము. 'నానమ్మ' అన్న మాటకే వారం పట్టింది. ఆ మాటతో ఇంకొక వేడుక. హిందీలో 'నానా' అంటే తల్లికి తండ్రి. అందువల్ల మా పిల్లలు వాళ్ళ తండ్రిని 'మీ నాన్న' అంటే, ఆ పిల్ల ఇచ్ఛాపురంలో ఉన్న తాతగారి గురించి చెప్పేది. ఇద్దరూ మూడు రోజులు వేర్వేరు మనుషుల గురించి ఎంతో స్నేహంగా మాట్లాడుకున్నారు.

మొదటి రోజున తోటి పిల్లలు "మీదే ఊరు?" అని అడిగారు. ఆ పిల్ల జలంధరు అన్నది, కాదు జోధ్‌పూరు అన్నది, తరువాత తమ్ముడి వైపు చూసింది. వాడు "క్వార్టర్ నంబర్ చౌదా" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తమ్ముడి చదువు గురించి గొప్పగా చెప్పడానికి లేదు. వాడు బడికి ఆటకు వచ్చినట్లే వచ్చాడు. ఒకటవ తరగతి పిల్లలకు దాయె, బాయె అని కవాతు నేర్పి, వాడే సుబేదారు అయినాడు. వాడికి అక్షరాలు పట్టుబడలేదు. నేను పట్టుబట్టలేదు, చిన్నవాడు, తరువాత చూసుకోవచ్చునని అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఉదయపు బడి మొదలైంది. పదిన్నరకే ఎండ మండుతుండగా అక్కాతమ్ముళ్ళు ఇంటికి పోయి, నానమ్మ పక్కన కూర్చుని అప్పడాలు ఒత్తేవారట. చైత్రమాసపు మంగళవారాలలో ఒకనాడు తారాతారిణి కొండకు పోయి చిన్నవాడి పుట్టువెంట్రుకలు తీయించుకొచ్చారు. ఆ మరునాడు బడిలో వాడి గుండుకు దక్కిన గౌరవం జిల్లా కలెక్టరుకు కూడా దక్కదు. ఊళ్ళో మిగిలిన తిరుగుళ్ళు తల్లిదండ్రులిద్దరే తిరిగారు; పిల్లలకు బడి ఉన్నదని చెప్పి చుట్టాలను ఒప్పించారు.

చివరి వారం లేఖారచన. ఇక్కడ పెద్దామెకూ నాకూ పోరు వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల గదా, "నానమ్మా, బాగున్నావా?" అని మొదలుపెట్టిస్తే చాలునని నా అభిప్రాయం. ఆమె ఒప్పుకోలేదు. "పూజ్యులైన నానమ్మగారికి నమస్కరించి వ్రాయునది, ఉభయకుశలోపరి" అని ఉంటేనే అది ఉత్తరమని, తనకు అయిదవ తరగతిలో మాస్టారు అలాగే నేర్పారని పట్టుబట్టింది. ఎనిమిది అక్షరాల ఆ సంస్కృత సమాసాన్ని, ఒత్తులే పలకని పిల్లచేత ఎందుకు మోయించాలని నేను ఎగతాళిగా కూడా మాట్లాడాను, ఆమెకు వినిపించదని. కాని పిల్ల నాలుగు రోజుల్లో నేర్చుకున్నది. అర్థం అడిగితే, మీరూ మేమూ ఇద్దరం బాగున్నామని చెప్పి, ఆ తరువాత అసలు సంగతి వ్రాయడమని చెప్పాను.

ఏప్రిల్ నెలాఖరున వారు బయలుదేరారు. రంగూనులో కేంద్రీయ విద్యాలయం లేదు. విదేశాలలో అవి ఖాట్మండు, మాస్కో, తెహ్రానులలోనే ఉన్నాయి. పిల్లలు అక్కడ ఆంగ్ల బడిలో చేరారని తరువాత తెలిసింది. వేసవి గడిచింది, వానలు వచ్చాయి. ఉత్తరం రాలేదు. పెద్దామె ఒకటి రెండుసార్లు బడి ముందునుండి పోతూ నావైపు చూసింది గాని ఏమీ అడగలేదు. నేనూ తల దించుకున్నాను.

ఆ అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. 2013 నాటి ఫైలిన్ తుపాను సరిగా గోపాలపురం మీదుగా వచ్చినందున దాని దెబ్బ మనకు మరచిపోలేనిది. దానితో పోలిస్తే ఇది మన ఊరికి తక్కువ. అయినా మా పేటలలో కరెంటు, ఫోన్లు పోయాయి. పాత పెంకుటిళ్ళ మీద గాలి ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు. నాలుగవనాడు నా ఫోను ప్రాణం పోసుకున్నది. మొట్టమొదట వచ్చినది రంగూనునుండి ఒక ఫోటో. గీతల కాగితం మీద పెన్సిలుతో వ్రాసిన ఉత్తరం. తప్పులతో సహా చదువుతున్నాను.

"రంగూను, 12-10-2018. పూజ్యులైన నానమ్మగారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షెమం. అక్కడ నువ్వు క్షెమమా? గాలి వచ్చిందని నాన్న చేప్పారు. ఇల్లు ఉందా? పేంకులు ఉన్నాయా? జవాబు రాయి."

ఉభయులూ కుశలమని మొదటి పంక్తిలో వ్రాసి, మూడవ పంక్తిలో కుశలమా అని అడగడం తర్కానికి నిలవదు. నా వృత్తిలో ఎన్ని వందల లేఖలు దిద్దానో, ఆ మాట ఎన్నిసార్లు కొట్టివేశానో. ఆనాడు మాత్రం, బరంపురంలో ఇల్లు నిలిచి ఉన్నదో లేదో తెలియని ఒక బిడ్డ ముందుగా ఆ మాట ఎందుకు వ్రాసుకున్నదో నాకు అర్థమైంది.

ఫోను పట్టుకుని పెద్దామె ఇంటికి వెళ్ళాను. ఇంటి వెనుక భాగం కప్పు ఎగిరిపోయింది. ఆమె క్షేమంగానే ఉన్నది. తెరమీద అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తే వేలితో తడుముతూ చదివింది. రెండవసారి చదివింది. "ఎత్తనం తప్పు" అన్నది, క్షేమమన్న మాట చూపించి. ఆ తరువాత కాగితం అడిగింది.

జవాబు వ్రాయడానికి రెండు రోజులు పట్టింది. పెండ్లి అయ్యాక సంతకం తప్ప ఏమీ వ్రాయలేదట. మా బడి వరండాలో కూర్చుని వ్రాసింది. "పెంకులు పోయినవి. దూలపు కఱ్ఱ విఱిగినది. నేను బాగుంటిని." అది ఫోటో తీసి పంపించాను. మూడవనాటికి రంగూనునుండి మరొక కాగితం: "నానమ్మా, ఈ అక్షరం టీచర్ నేర్పలేదు" అని, కింద కఱ్ఱలోని బండి ఱను బొమ్మలా దించి, చుట్టూ సున్న చుట్టింది. మరునాడు పెద్దామె నా గదికి వచ్చి నిలదీసింది. "బండి ఱ నేర్పనేదా? అదేటి సదువమ్మా?" పలక మీద బండి ఱ వ్రాసి, దాని ఫోటో రంగూనుకు పంపించే భాగ్యం నాకు ఆ విధంగా కలిగింది.

ఆ తరువాత ఉత్తరాలు నడిచాయి. నెలకు ఒకటి, ఒక్కొక్కప్పుడు రెండు. 2020లో కరోనా వ్యాధి కారణంగా విమానాలు ఆగిపోయి, సెలవుకు రావలసినవారు రాలేకపోయారు. 2021 ఫిబ్రవరిలో అక్కడి సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నప్పుడు అంతర్జాలం మాటిమాటికీ ఆపివేశారు. ఆ రోజుల్లో పెద్దామె ప్రతి ఉదయం బడి గేటు దగ్గర నిలబడేది. నేను తల అడ్డంగా ఊపితే వెళ్ళిపోయేది. ఎనభై ఏళ్ళ క్రిందట ఆమె తల్లి నిలబడిన చోటే ఆమె నిలబడినట్లు నాకు అనిపించేది. కాని ఆమె ముడిలో పాత ఉత్తరాల ఫోటో ప్రతులు ఉండేవి. ఆమె తల్లికి అవి లేవు. ఆ సంవత్సరమే కుటుంబమంతా క్షేమంగా తిరిగి వచ్చింది.

నాడు తెరిచిన నోటు పుస్తకంలో నేటికి పందొమ్మిది పేర్లు చేరాయి. అందరూ సైనికుల పిల్లలు కారు. సూరతులో, ముంబయిలో పనిచేసేవారి పిల్లలు ఉన్నారు. రైల్వేవారి పిల్లలు ఉన్నారు. పదిరోజులు వచ్చినవారు ఉన్నారు, నెల వచ్చినవారు ఉన్నారు. కొందరికి అక్షరాలు వచ్చాయి, కొందరికి రాలేదు. దీనివల్ల మన పాఠశాల విద్యార్థుల సంఖ్య ఒక్కటి కూడా పెరగలేదు. ఆ లెక్క అడిగేవారికి నేను చూపించగలిగినది ఏమీ లేదు. మన బడి తరగతులు రేపు నిండుతాయని ఈ వేదికనుండి వాగ్దానం చేయలేను. పూర్వ విద్యార్థులైన మీకు చెప్పదలచినది ఇంతే: సెలవుకు వచ్చేటప్పుడు పిల్లలను తీసుకురండి. ముందుగా ఒక ఫోను చేస్తే మంచిది, చేయకపోయినా ఫరవాలేదు. టి.సి. అడగను.

మరొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ ప్రసంగాన్ని నేను వ్రాసి చదవడానికి కారణం ఉన్నది. ఆ పెద్దామె ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. నా మాటలు వారికి వినిపించవు. అందుచేత ఈ కాగితాలు మొన్ననే వారి చేతికి ఇచ్చాను. చదివి రెండు అభ్యంతరాలు చెప్పారు. తండ్రి నడిచివచ్చిన దారిని ఒక్క మాటలో తేల్చివేశానన్నారు. అది నిజమే, దానికి వేరే సభ కావాలి. రెండవది మనవడి విషయం. ఏడేళ్ళ క్రిందట నేను పట్టుబట్టని ఆ చిన్నవాడికి నేడు పన్నెండేళ్ళు. అక్క నానమ్మకు ఉత్తరాలు వ్రాస్తుంటే పక్కన బొమ్మలు వేసేవాడు గాని, ఈనాటికీ తెలుగు చదవలేడు. ఆ మాట సభలో చెబితే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడని, తీసివేయమని నానమ్మగారి ఆజ్ఞ.

వాడు సెలవు మీద వచ్చి ఈ హాలులోనే ఉన్నాడు. వాడినే అడిగాను. చెప్పండి, కాని సోమవారంనుండి బడికి వస్తున్నానని కూడా చెప్పండి అన్నాడు. ఆ మాట హిందీలోనే అన్నాడు.